వంగపండు రంగు తెగులు

పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేవాడి ఇంట్లో మొక్క చావదని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం పుట్టించినవాళ్ళెవరో మా ఇంటికి ఎప్పుడూ వచ్చి ఉండరు. మా ఇంట్లో కలబంద చచ్చింది. మనీప్లాంటు చచ్చింది. నీళ్ళు పోయకపోయినా బతుకుతుందని చెప్పి అమ్మిన ముళ్ళ మొక్క ఒకటి, నీళ్ళు పోసినందుకు చచ్చింది. ఇవేవీ తెలియని మా పాస్టరమ్మగారు, కూతురి పురుడికని మూడు నెలలు ఒంగోలు వెళుతూ, తన వేలాడే కుండీని తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"మీరైతే బయాలజీ కదండీ, ఇంక నాకు నిశ్చింత" అంది.

నా భార్య నావైపు ఒక చూపు చూసింది. వద్దని చెప్పమని ఆ చూపు. నేను మాత్రం "ఎంత మాటండీ, మా పిల్లలా చూసుకుంటాం" అన్నాను. మా పిల్లలను చూసుకున్నది కూడా నా భార్యే కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు.

అది కుండీలోంచి నాలుగు వైపులా కిందికి జారే తీగ. ఆకు మీద రెండు వెండి చారలు, నడుమనా అంచులకూ ముదురు వంగపండు రంగు, తిప్పి చూస్తే అడుగంతా ఊదా. నర్సరీవాడు దానికి నోరు తిరగని పేరేదో చెప్పాడట. ఆవిడ ఆ పేరు పక్కనపెట్టి చారల తీగ అని పిలుచుకుంటుంది. ఏళ్ళ తరబడి మా చర్చి వరండాలో వేలాడింది. ఆదివారం ప్రసంగం ఎంతకీ తెమలనప్పుడు నేను చూసే వస్తువుల్లో గోడ గడియారం మొదటిదైతే అది రెండోది. ఆ రంగు నాకు కంఠస్థం. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా తప్పుకు ఇదే పెద్ద సాక్ష్యం.

మేముండేది మార్టూరులో. ఊరి చుట్టూ రాళ్ళు కోసి పాలిష్ పట్టే షెడ్లు. ఇక్కడ గ్రానైటు పలకలు ఎక్కడెక్కడి భవంతులకో వెళతాయి, వాటి పొడి మాత్రం మాకే మిగులుతుంది. వారం తిరిగేసరికి చారల తీగ ఆకుల మీద తెల్లటి పొర పేరుకుంది. నేను కళ్ళజోడు సవరించుకుని పాఠం చెప్పే గొంతుతో "బూడిద తెగులు" అని తేల్చాను. అంతటితో ఊరుకోక మందుల కొట్టుకు వెళ్ళి గంధకం పొడి తెచ్చి, నీళ్ళలో కలిపి మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టాను. మర్నాటికి ఆకుల కొసలు మాడిపోయాయి. తెలుపు మాత్రం అలాగే ఉంది.

నా భార్య చెంగు తడిపి ఒక ఆకు తుడిచింది. తెగులు మొత్తం చెంగుకు అంటుకుని వచ్చేసింది.

"ఇదేనాండీ మీ తెగులు?" అంది.

"అది ప్రాథమిక దశ" అన్నాను.

అప్పటినుంచి నేను ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. కొసలు మాడితే నీళ్ళు ఎక్కువయ్యాయని ఒకాయన, తక్కువయ్యాయని ఇంకొకావిడ. ఇద్దరూ నవ్వుతూనే చెప్పారు, ఇద్దరి వెనకా పచ్చని తోటలే. ఇద్దరినీ గౌరవించి ఒక రోజు బాగా పోశాను, ఒక రోజు మానేశాను. పోసినవి బోరు నీళ్ళు, బిందె అడుగున తెల్లటి ఉప్పు కట్టే నీళ్ళు. దాంతో మిగిలిన కొసలు కూడా మాడాయి. ఎందుకైనా మంచిదని ఎండ బాగా తగిలేచోట వేలాడదీశాను. ఎండకు రంగు ఇంకా చిక్కబడి ఆకులు నేరేడు పండులా తయారయ్యాయి. సరిగ్గా అప్పుడే మా నాన్న వచ్చాడు.

మా నాన్నది దర్శి దగ్గర పల్లె. నలభై ఏళ్ళు పరాయి చేలల్లో మందు కొట్టాడు. మిరప, పత్తి, ఏదైతేనేం, వీపున ట్యాంకు, చేతిలో గొట్టం. చివరికి కుడి భుజం పైకి లేవడం మానేసింది కాబట్టి మా ఇంటికి రావడానికి ఒప్పుకున్నాడు, లేకపోతే ఒప్పుకునేవాడు కాదు. మా వైపు చేలో ఆకు పాడైతే రైతు దాన్ని తెంపి చొక్కా జేబులో పెట్టుకుని మందుల కొట్టుకు వెళతాడు. కొట్టాయన్ను అందరూ డాక్టరు అంటారు. డాక్టరు ఆకు చూసి మూడు రకాలు కలిపి ఇస్తాడు. మా నాన్న కొడతాడు. చేను కోలుకుంటే డాక్టరు హస్తవాసి, రైతు తెలివి. మాడిపోతే "వాడు సరిగ్గా కలపలేదు." ఏ మందో, ఎందుకో అడిగే పని ఆయనది కాదు. ఆకును అందరికంటే దగ్గరగా చూసేది ఆయనే. చూసి ఏమనుకున్నాడో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆయన కొట్టిన మందు కూలితో చదువుకుని ఆకు భాగాలు బోర్డు మీద గీసే ఉద్యోగం సంపాదించినవాణ్ణి.

మా ఇంటికి వచ్చాక ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. పెట్టింది తినేవాడు. ఏం మాట్లాడినా ఊఁ అనేవాడు. ఆ రోజు నేను కుండీ ముందేసుకుని, ఫోనులో ఇంకో నవ్వుమొహం చెబుతున్నది వింటూ విసిగిపోయి, ఆయన వైపు తిరిగి అన్నాను.

"తమరే సెలవివ్వండి డాక్టరుగారూ. ఏం చెయ్యమంటారు?"

నేను మా నాన్నను ఎప్పుడూ నువ్వు అనే అంటాను. తమరు, సెలవు, గారు, ఇవన్నీ వెటకారానికని పక్కనున్న నా భార్యకు తెలుసు. ఆయనకు తెలియలేదు. ఒరేయ్ తప్ప ఇంకో పిలుపు వినని మనిషి. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టుగా తీసుకున్నాడు.

లేచాడు. పంపు దగ్గరకు వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కుండీని వెలుతురులోకి తీసుకెళ్ళాడు. ఒక్కొక్క ఆకూ తిప్పి అడుగున పురుగు చూశాడు. ఈనెను గోటితో గీరాడు. మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపాడు. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఒక ఆకును అంతసేపు చూసిన పాపాన పోలేదు.

"ఒరే అబ్బాయ్, ఇది పుట్టుకతోనే ఈ రంగా, మధ్యలో తిరిగిందా?" అని అడిగాడు.

నేను ఫోను మీంచి తల ఎత్తకుండా "నీకు తెలియనిదేముంది నాన్నా! నువ్వు పేరు పెట్టాకే గదా తెగులు పుట్టేది" అన్నాను.

ఆయన తల ఊపాడు. మధ్యలోనే తిరిగిందని నేను చెప్పినట్టు లెక్క.

"పచ్చదోమైతే అంచులు కిందికి ముడుచుకుంటయ్. ఇయ్యి ముడుచుకోలా. పత్తి ఇట్టాగే ఎర్రబడతది, మెగ్నీషియం చాలక. కొసలు మాడింది ఎండదెబ్బ. నీడకు మార్చాల."

తీర్పులో వంక పెట్టడానికి లేదు. ఆ మొక్క పత్తి మొక్క అయివుంటే ఏ వ్యవసాయ అధికారీ ఇంతకంటే బాగా చెప్పేవాడు కాదు. దాని రంగే అది అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. పెద్దాయన మనసు నొప్పించడం ఎందుకని ఊరుకున్నానని తర్వాత్తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. నాకు నవ్వొచ్చింది. రేపు స్టాఫ్‌రూములో చెబితే అందరూ పడీపడీ నవ్వుతారనుకున్నాను. చెప్పాను, నవ్వారు కూడా.

వైద్యం మొదలైంది. ఒక ఆకు తెంపి తన చొక్కా జేబులో పెట్టుకుని మందుల కొట్టుకు తనే వెళ్ళాడు. కొట్టువాడు ఇంకేదో అంటగట్టబోతే "నాకు మెగ్నీషియమే కావాలి" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు. కుండీని మెట్ల కింద చీకట్లోకి మార్చాడు. చిటికెడు యూరియా వేశాడు. నా భార్య ఇస్త్రీకి వాడే చిన్న పిచికారీ సీసా తీసుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, గాలికి వీపు పెట్టి నిలబడి కొట్టాడు. కొట్టాక స్నానం చేశాడు. గ్లాసెడు నీళ్ళలో కలిపిన చిటికెడు మెగ్నీషియం ఉప్పుకు స్నానమేంటి నాన్నా అంటే, "మందు మందేరా" అన్నాడు.

నెల తిరిగేసరికి చారల తీగకు నయమైంది. అంటే కొత్తాకులు ఒక్కొక్కటే పచ్చగా రావడం మొదలైంది. వెండి చారలు వెలిసిపోయాయి. కణుపుకూ కణుపుకూ మధ్య బెత్తెడు దూరం పెరిగి తీగలు వెలుతురు వెతుక్కుంటూ సాగాయి. పైన కుండీలో బోడి, కింద పచ్చటి తోకలు. అచ్చం గట్టున మొలిచే వెన్నదేవికూర. మా నాన్న దాన్ని రోజుకు నాలుగుసార్లు చూసుకునేవాడు.

"చూశావా, పచ్చబడతంది" అనేవాడు.

"అద్భుతం నాన్నా, సంతకు వేద్దాం" అనేవాణ్ణి నేను. అదీ మెచ్చుకోలే అనుకునేవాడు.

ఈలోగా పక్కింటావిడ మందార కొమ్మ పట్టుకొచ్చింది, కొమ్మ నిండా తెల్లటి దూది. పిండినల్లి అన్నాడు. సబ్బునీళ్ళు, పాత పళ్ళు తోముకునే బ్రష్షు చెప్పాడు. పది రోజుల్లో మందార మొగ్గ తొడిగింది. ఆవిడ వచ్చి దణ్ణం పెట్టినంత పని చేసింది. ఆ తర్వాత వీధిలోంచి కరివేపాకూ మల్లే నిమ్మా, అన్నీ మా వరండాకు రావడం మొదలైంది. బూడిద తెగులు కనిపెట్టిన బయాలజీ మాస్టారు తలుపు తీసి "నాన్నా, నీకోసమే" అని చెప్పే ఉద్యోగానికి దిగాడు.

ఒకరోజు నా భార్య గిన్నెలు సర్దుతూ అంది. "మావయ్య అన్నం దగ్గర మాట్లాడుతున్నారు, గమనించారా? ఏ ఏడు పత్తికి ఏ పురుగొచ్చిందో అంతా చెప్పారు. ఒక ఏడు డాక్టరు తప్పు మందిచ్చాడంట, ఈయనకు తెలిసి కూడా నోరెత్తలేదంట."

"మంచిదేగా" అన్నాను.

"మంచిదే. ఆ మొక్కకు అసలు జబ్బే లేదని ఇప్పుడు వెళ్ళి చెప్పండి చూద్దాం."

నవ్వు అప్పుడు ఆగింది నాకు. ఆయన చెప్పిన మొట్టమొదటి వైద్యం అది. దాని మీద నిలబడే మిగిలినవన్నీ చెబుతున్నాడు. అది తీసేస్తే మళ్ళీ ప్లాస్టిక్ కుర్చీ, మళ్ళీ ఊఁ. ఇంకోవైపు పాస్టరమ్మగారు ఫోను చేసి, వచ్చే నెల మొదటి శనివారం వచ్చేస్తున్నానని, నా చారల తీగ ఎలా ఉందని అడిగింది. "చాలా ఆరోగ్యంగా ఉందండీ" అన్నాను. అది నిజమే, అదే వచ్చిన చిక్కు.

అప్పుడు నేను జీవితంలో మొదటిసారి జీవశాస్త్రం నేర్చుకున్నాను. నాన్న పక్కింటికి వెళ్ళినప్పుడు అరడజను తీగల కొసలను కణుపుకు కాస్త కిందగా కత్తిరించి, టిఫిన్ డబ్బాలో దాచి, బడికి దొంగసరుకులా పట్టుకెళ్ళాను. ల్యాబు కిటికీలో జామ్ సీసాల్లో పెట్టాను, తూర్పు ఎండ నేరుగా పడేచోట. బోరు నీళ్ళు కాదు, మేం తాగే క్యాను నీళ్ళు పోశాను. వారానికి కణుపుల దగ్గర తెల్లటి వేళ్ళు దిగాయి. అన్నీ కలిపి ఒకే కుండీలో దగ్గరదగ్గరగా గుచ్చాను, పైన బోడి కనబడకుండా. యూరియా లేదు, మందు లేదు. మట్టిలో వేలు గుచ్చి, తడి లేకపోతేనే నీళ్ళు. సాగబోయిన కొసను సాగనివ్వకుండా తుంచాను. నాలుగో వారానికి కొత్తాకులో వెండి గీత కనిపించింది, దాని పక్కనే కొంచెం ఊదా. పిల్లలెవరూ లేనప్పుడు ఆ కిటికీ దగ్గర నిలబడి గట్టిగా నవ్వాను. నా చేత్తో బతికిన మొదటి మొక్క, అది కూడా దొంగతనంగా.

పథకం ఏమిటంటే, శుక్రవారం సాయంత్రం ఊదా కుండీని ఇంటికి తెచ్చి గదిలో దాచి, శనివారం పొద్దున నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ చేతిలో పెట్టేసి పంపడం. ఆవిడకు ఊదా, ఆయనకు పచ్చ. అందరూ సుఖం. ఇంత తెలివైన పథకాలు వేసేవాళ్ళం బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఎందుకు మిగిలిపోయామో నాకిప్పటికీ అర్థం కాదు.

గేటులోనే ఎదురుపడ్డాడు. సంచిలోంచి ఒక కొస బయటికి వేలాడుతోంది.

"అయ్యో, మళ్ళీ తిరిగిందిరా!" అన్నాడు. "ఎక్కడ పెట్టావు? ఎండలో పెట్టావా? ఉండు, మందు కలుపుతా." పైకి లేవని ఆ భుజంతోనే గబగబా లోపలికి వెళ్ళి పిచికారీ సీసా తెచ్చాడు. అక్కడే నిలబడి మూత తిప్పబోయాడు.

ఇంక చెప్పక తప్పలేదు. "నాన్నా, ఆగు. అది తెగులు కాదు. దాని రంగే అది. మొదటినుంచీ అదే రంగు."

ఆయన సీసా కింద పెట్టలేదు. ఊదా కుండీ వైపు చూశాడు. మెట్ల కింద ఉన్న పచ్చ కుండీ వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నేనడిగా గదరా" అన్నాడు.

అంతే అన్నాడు. అడిగాడు. ఏ డాక్టరూ ఏ చేలోనూ అడగని ప్రశ్న, అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న, సరిగ్గా అడిగాడు. జవాబు తెలిసిన ఒకే ఒక్క మనిషి వెటకారమాడాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ పూట అన్నం దగ్గర నా భార్య పప్పు కావాలా మావయ్యా అంటే ఊఁ అన్నాడు.

శనివారం పొద్దున్నే పాస్టరమ్మగారు వచ్చింది. నేను దాచాల్సిందేమీ మిగల్లేదు కాబట్టి రెండు కుండీలూ వరండాలోనే ఉన్నాయి. ఆవిడ కూర్చోకముందే మా నాన్న లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మగారూ, తప్పు నాదేనండి. తెగులనుకుని మందు కొట్టా. మీ మొక్క పాడైంది" అన్నాడు.

నా పేరు ఎత్తలేదు. మోతుబరుల ముంగిళ్ళలో, మాడిన చేలకు జవాబు చెబుతూ ఆయన ఇలాగే నిలబడేవాడని నాకు తెలుసు. చిన్నప్పుడు చూశాను. ఇప్పుడు నా ఇంట్లో, నా బదులు నిలబడ్డాడు.

"కాదండీ" అన్నాను. "ఆయన ముందే అడిగారు, రంగు పుట్టుకతో వచ్చిందేనా అని. నాకు తెలుసు. వేళాకోళమాడి, చెప్పకుండా ఊరుకున్నాను. తప్పు నాది."

ఆవిడ నన్ను ఒకసారి చూసింది. బయాలజీ మీద ఆవిడకున్న నమ్మకం ఆ చూపుతో తీరిపోయిందనుకుంటాను. తర్వాత నన్ను వదిలేసి మా నాన్న దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరు కూర్చోండి బాబాయిగారూ. నన్నొకటి అడగనివ్వండి. ఇది నా దగ్గరున్నప్పుడు కూడా కింద బాగానే పెరిగేదండీ, పైన మాత్రం ఎప్పుడూ బోడే. ఎన్నేళ్ళయినా అంతే. ఏం చేస్తే బాగుంటదంటారు?"

మా నాన్న నావైపు చూశాడు, వెటకారమేమోనని. ఆ చూపు నాకు తగలాల్సిన చోటే తగిలింది. నేను తల ఊపాను. ఆయన కుర్చీ అంచున కూర్చుని, పచ్చ కుండీని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మీ వరండాలో ఎండ ఏ పక్కనించి వస్తదండి?"

"పొద్దుట ఎండేనండీ. కానీ కుండీ పైదాకా రాదు, చూరు అడ్డం."

"అయితే అదేనండి. పైనకి వెలుతురు లేక బోడవతంది. ఒక మూర కిందికి దించండి." ఒక తీగను వేళ్ళతో కొలిచి కణుపు దగ్గర తుంచాడు. "పత్తికి తలలు తుంచుతామండి, పక్క కొమ్మలు రావాలని. దీనికీ అట్టాగే తుంచాల. తుంచింది పారెయ్యకుండా ఆ బోడిలోనే గుచ్చెయ్యండి. ఇక మందంటారా, ఎవరేం చెప్పినా మందు మాత్రం కొట్టబాకండి."

"ఉండండుండండి" అంటూ ఆవిడ చేతిసంచిలోంచి పెన్ను తీసి, చర్చి ప్రార్థన కూడికకు పిలిచే కాగితం వెనక్కి తిప్పి రాసుకోసాగింది. మా నాన్న మాట ఆపి, ఆ పెన్ను వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ రాయడం పూర్తయ్యాక, గొంతు సవరించుకుని తర్వాతి మాట చెప్పాడు.